దూరపు భూకంపాలతో నేల కింది పలకను చూడటం ఎలా: ఉప్పల్ నుంచి ఆరెగాన్ దాకా

అమెరికా పడమటి తీరాన ఆరెగాన్ రాష్ట్రంలో కోర్వాలిస్ అనే ఊరుంది. ఆ ఊరి కింద సుమారు 40 కిలోమీటర్ల లోతున ఒకప్పటి సముద్రపు అడుగు ఉంది. దాని పేరు హువాన్ డి ఫూకా పలక. ఏటా దాదాపు 4 సెంటీమీటర్ల చొప్పున ఉత్తర అమెరికా ఖండం కిందికి దూరిపోతోంది. 1700 జనవరి 26న ఈ రెండు పలకల మధ్య పట్టు తెగి సుమారు 9 తీవ్రతతో భూకంపం వచ్చింది. దాని సునామీ పసిఫిక్ దాటి జపాన్ తీరాన్ని తాకింది. ఆ తేదీ మనకు తెలిసింది కూడా జపాన్‌లో రాసిపెట్టుకున్న రికార్డుల వల్లే. ఇక మనిషి తవ్విన అతి లోతైన బోరు, రష్యాలోని కోలా బోరు, 12 కిలోమీటర్ల పైచిలుకు దగ్గర ఆగిపోయింది. తవ్వి చూసే దారి లేదు. కానీ ఆ పలకను మీ లాప్‌టాప్‌లో చూడొచ్చు.

ఇక్కడ చెప్పబోయే పద్ధతిని రిసీవర్ ఫంక్షన్ అంటారు. దీనికి ఓ మోస్తరు లాప్‌టాప్, ఇంటర్నెట్, పైథాన్‌లో లూప్ రాయగలిగేంత పరిచయం ఉంటే చాలు. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన వక్రీభవనం కాస్త గుర్తుంటే మరీ మంచిది. డేటా అంతా ఉచితం, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఓపిక మాత్రం ఉండాలి. ప్రోగ్రాం నడవడానికి పట్టే సమయం కన్నా రికార్డులను ఒక్కొక్కటిగా చూసి ఏరడానికి పట్టే సమయమే ఎక్కువ.

ముందే ఒక మాట చెప్పాలి. మామూలు ఖండం కింద పొరల మందం లెక్కగట్టేవాళ్లు మూడింటిని పెద్దగా పట్టించుకోరు: తరంగం వచ్చిన దారికి లంబంగా, పక్కకు ఊగిన కదలిక రికార్డు, తలకిందులుగా వచ్చిన పల్స్‌లు, ఆలస్యంగా వచ్చే ప్రతిధ్వనులు. పలక దూరే చోట మాత్రం అసలు సమాచారం ఆ మూడింటిలోనే ఉంటుంది. కింద చెప్పిన ప్రతి మెట్టులోనూ వాటిని పోగొట్టుకోకుండా చూసుకోండి.

సూత్రం

ఎక్కడో జపాన్‌లోనో పెరూలోనో భూకంపం వస్తుంది. దాని పీ తరంగం, అంటే అన్నిటికన్నా ముందు చేరే తరంగం, భూమి లోపలి నుంచి వంపు తిరిగి, మీ స్టేషన్ (నేల కదలికను నమోదు చేసే సెన్సర్ ఉన్న చోటు) కిందికి వచ్చేసరికి దాదాపు నిటారుగా పైకి లేస్తుంది. దారిలో రాయి మారిన ప్రతి సరిహద్దు దగ్గరా దానిలో కొంత భాగం పక్కకు ఊగుతూ సాగే ఎస్ తరంగంగా మారిపోతుంది. ఎస్ నెమ్మది కాబట్టి అసలు పీ కన్నా కొన్ని సెకన్లు ఆలస్యంగా పైకి చేరుతుంది. ఎంత ఆలస్యమైతే సరిహద్దు అంత లోతు.

మామూలు భూపటలంలో ఈ ఆలస్యాన్ని 8.5తో గుణిస్తే లోతు కిలోమీటర్లలో సుమారుగా వస్తుంది. 4 సెకన్ల ఆలస్యమంటే దాదాపు 34 కిలోమీటర్లు. ఇది నోటి లెక్క మాత్రమే, కానీ పని చేస్తున్నంతసేపూ దీన్ని మనసులో పెట్టుకోండి. తెర మీద కనిపించే ప్రతి పల్స్‌నూ దీనితో తూకం వేసుకోవచ్చు.

చిక్కెక్కడంటే, రికార్డులో స్టేషన్ కింది పొరల కథ ఒక్కటే ఉండదు. భూకంపం ఎంతసేపు ఊగింది, దారిలో ఏమేం జరిగింది అన్నీ కలిసిపోయి ఉంటాయి. నిలువు దిశ రికార్డులో ఎక్కువగా పీ, అడ్డం దిశల్లో ఎక్కువగా ఎస్ పడతాయి. భూకంపం తాలూకు సంక్లిష్టత రెండింటిలోనూ ఒకటే. కాబట్టి అడ్డం రికార్డును నిలువు రికార్డుతో భాగిస్తే ఆ ఉమ్మడి భాగం కొట్టివేయబడి, పొరల దగ్గర పుట్టిన ఎస్ పల్స్‌లు మిగులుతాయి. ఆ మిగిలినదే రిసీవర్ ఫంక్షన్. ఈ పద్ధతికి పేరు తెచ్చిన తొలి పరిశోధనల్లో చార్లెస్ లాంగ్‌స్టన్ 1979లో వాషింగ్టన్ రాష్ట్రపు రేనియర్ అగ్నిపర్వతం కింద చేసిన పని ఒకటి. 1981లో ఆయన కోర్వాలిస్ రికార్డుల్లో దూరుతున్న పలక జాడను చూపించాడు. మనం పట్టుకోబోయేది ఆ జాడనే, ఆ ఊరి స్టేషన్‌తోనే.

సరంజామా

పైథాన్‌లో అబ్స్‌పై అనే లైబ్రరీ ఉంటుంది. డేటా దించుకోవడం, ఫిల్టర్ చేయడం, పీ ఎప్పుడు వస్తుందో లెక్కగట్టడం అన్నీ దానితో అవుతాయి. దాని మీద కట్టిన ఆర్ఎఫ్, ఆర్ఎఫ్‌పై అనే రెండు ప్యాకేజీలు రిసీవర్ ఫంక్షన్ల కోసమే ఉన్నాయి. ఏదో ఒకటి తీసుకోండి. పైథాన్ ప్యాకేజీలను సర్దిపెట్టే కోండాలో వీటికంటూ వేరే ఎన్విరాన్‌మెంట్ పెట్టుకుంటే తర్వాత తలనొప్పి ఉండదు.

రెడీమేడ్ ప్యాకేజీ ఉన్నా, మొదటి స్టేషన్‌కు ప్రతి మెట్టూ విడిగా నడిపి బొమ్మ గీసుకోండి. మొత్తం ఒకే కమాండ్‌తో నడిపితే ఎక్కడ తప్పు దొర్లిందో పట్టుకోలేరు. పైగా ఈ పనిలో తప్పులు ఎర్రర్ మెసేజ్‌గా రావు, అందమైన బొమ్మలుగా వస్తాయి.

మొదట హైదరాబాద్ మీద చెయ్యి తిప్పండి

కోర్వాలిస్‌కు వెళ్లే ముందు ఉప్పల్‌కు రండి. అక్కడి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అదే ఎన్‌జీఆర్‌ఐ ఆవరణలో ఫ్రాన్స్ వారి జియోస్కోప్ నెట్‌వర్క్‌లో భాగమైన స్టేషన్ ఒకటుంది. దాని కోడ్ హెచ్‌వైబీ, నెట్‌వర్క్ కోడ్ జీ. రికార్డులు పారిస్ భూభౌతిక సంస్థ డేటా కేంద్రం నుంచి ఎవరైనా దించుకోవచ్చు.

మనది కాబట్టి చెప్పడం లేదు. ధార్వార్ క్రేటన్ అనే పురాతన, స్థిరమైన భూఖండం మీద ఉన్న ఈ స్టేషన్ కింద భూపటలం చాలా సాదాసీదాగా ఉంటుంది. మందం సుమారు 33 కిలోమీటర్లు, అడుగున స్పష్టమైన మోహో (భూపటలం ముగిసి కింది మాంటిల్ మొదలయ్యే సరిహద్దు), మధ్యలో గందరగోళం తక్కువ. లెక్క ప్రకారం మీ రిసీవర్ ఫంక్షన్‌లో 4 సెకన్ల దగ్గర పైకి లేచిన పల్స్, 13 సెకన్ల దగ్గర మళ్లీ పైకి లేచిన పల్స్, 17 సెకన్ల దగ్గర కిందికి దిగిన పల్స్ రావాలి. మొదటిది మోహో దగ్గర పీ నుంచి ఎస్‌గా మారి నేరుగా వచ్చినది. రెండోది నేల ఉపరితలానికి తగిలి పీగా కిందికి వెళ్లి, మోహో దగ్గర ఎస్‌గా మారి తిరిగి పైకి వచ్చిన ప్రతిధ్వని. మూడోది ఆ రాకపోకల్లో రెండు సార్లు ఎస్‌గా నడిచినది, అందుకే ఇంకా ఆలస్యం, గుర్తు కూడా తలకిందులు.

ఈ మూడూ కనిపించేదాకా ఆరెగాన్ వైపు చూడకండి. కనిపించాక ఝూ, కనమోరి 2000లో ప్రతిపాదించిన పేర్పు పద్ధతిని ప్రయత్నించండి. మందం ఇంత, పీ-ఎస్ వేగాల నిష్పత్తి ఇంత అని ఒక్కో జత అనుకుంటూ, ఆ జతకు మూడు పల్స్‌లూ ఎక్కడ రావాలో లెక్కగట్టి, అక్కడి ఎత్తులను కలుపుతారు. మొత్తం ఎక్కడ గరిష్ఠమైతే అదే జవాబు. ఉప్పల్ కింద ఇది ముచ్చటగా పనిచేస్తుంది. కానీ ఇది పొరలు బల్లపరుపుగా ఉన్నాయనుకుని చేసే లెక్క. ఏటవాలుగా దిగే పలక మీద దీన్ని గుడ్డిగా వాడితే జవాబు వస్తుంది గానీ అది తప్పు జవాబు అవుతుంది.

భూకంపాల ఎంపిక

ఇప్పుడు కోర్వాలిస్ స్టేషన్‌కు వద్దాం. కోడ్ సీఓఆర్, నెట్‌వర్క్ ఐయూ. ఐరిస్ డేటా కేంద్రంలో దొరుకుతుంది. ఆ సంస్థ ఇప్పుడు ఎర్త్‌స్కోప్‌లో కలిసింది, కొన్ని ప్రోగ్రాముల్లో పాత పేరే ఇంకా కనిపిస్తుంది.

స్టేషన్‌కు 30 నుంచి 90 డిగ్రీల దూరంలో (ఒక డిగ్రీ అంటే నేల మీద సుమారు 111 కిలోమీటర్లు) వచ్చిన, తీవ్రత 5.8 దాటిన భూకంపాల జాబితా తీసుకోండి. 30 కన్నా దగ్గరివి వద్దు. 410, 660 కిలోమీటర్ల లోతు సరిహద్దుల వల్ల ఒకే భూకంపం నుంచి పీ తరంగాలు రెండు మూడు దారుల్లో ఒకేసారి వచ్చి కలగాపులగం అవుతాయి. 90 దాటి 100 దగ్గరపడేసరికి భూకేంద్రపు నీడ మొదలవుతుంది. ఇక తీవ్రత పెరిగితే మంచిదే అనుకోకండి. 8 దగ్గరి భూకంపంలో పగులు నిమిషం పైగా సాగుతుంది, అంత పొడవాటి మూలాన్ని శుభ్రంగా భాగించడం కష్టం. 6కూ 7కూ మధ్యవి, లోతున పుట్టినవి చాలా మటుకు బాగుంటాయి.

జాబితా రాగానే వాటిని మ్యాప్ మీద పెట్టి, ఏ దిక్కు నుంచి ఎన్ని ఉన్నాయో చూడండి. కోర్వాలిస్‌కు వాయవ్యం నుంచి అల్యూషియన్లు, కురిల్ దీవులు, జపాన్ ఉంటాయి. నైరుతి నుంచి టోంగా, ఫిజీ. ఆగ్నేయం నుంచి మధ్య అమెరికా, పెరూ, చిలీ. తూర్పు నుంచి దాదాపు ఏమీ ఉండదు, అట్లాంటిక్ నడుమ వచ్చే అరకొర భూకంపాలు తప్ప. ఈ లోటు ఎంత పెద్దదో కింద దిక్కుల పేర్పు దగ్గరికి వచ్చేసరికి తెలుస్తుంది. అందుకే తూర్పు నుంచి 5.5 తీవ్రతది దొరికినా వదలకండి, జపాన్ నుంచి వచ్చిన 6.5 ఒకటి పోయినా ఫర్వాలేదు. కనీసం పదేళ్ల రికార్డు తీసుకుంటే దిక్కులు ఓ మాదిరిగా నిండుతాయి.

డేటా దించుకుని దిక్కులు సరిచేయడం

ప్రతి భూకంపానికీ పీ రాక సమయాన్ని అబ్స్‌పైలోని టావ్‌పీతో లెక్కగట్టి, దానికి 60 సెకన్ల ముందు నుంచి 120 సెకన్ల తర్వాత దాకా మూడు దిశల రికార్డూ దించండి. బ్రాడ్‌బ్యాండ్ బీహెచ్ ఛానళ్లు సరిపోతాయి.

ఐయూ స్టేషన్లలో అడ్డం ఛానళ్లకు ఉత్తరం, తూర్పు అని కాకుండా 1, 2 అని పేర్లుంటాయి. వాటిని ఉత్తరం, తూర్పు అనుకుని ముందుకెళ్తే మొత్తం పని బూడిదలో పోసిన పన్నీరే. సెన్సర్ ఏ దిక్కుకు తిరిగి ఉందో స్టేషన్ మెటాడేటాలో ఉంటుంది. రికార్డుతో పాటు దాన్నీ దించుకుని, ముందు అసలు ఉత్తరం-తూర్పులకు తిప్పండి. సెన్సర్ మార్చిన రోజు ఈ కోణం కూడా మారుతుంది కాబట్టి ఆ భూకంపం తేదీకి చెల్లే మెటాడేటానే వాడాలి.

ఆ తర్వాత భూకంపం ఉన్న దిక్కును బట్టి రేడియల్, ట్రాన్స్‌వర్స్ దిశలకు తిప్పండి. రేడియల్ అంటే భూకంపం నుంచి స్టేషన్ వైపు గీసిన గీత వెంబడి, ట్రాన్స్‌వర్స్ అంటే దానికి లంబంగా అడ్డంగా. బల్లపరుపు పొరలైతే ట్రాన్స్‌వర్స్‌లో ఏమీ ఉండకూడదు. ఇక్కడ ఉంటుంది, దాన్ని దాచుకోండి. చాలా ప్యాకేజీల్లో బొమ్మలు రేడియల్‌కే గీస్తారు, ట్రాన్స్‌వర్స్‌ను విడిగా అడిగి గీయించుకోవాలి.

సెన్సర్ కోణం నిజంగా సరిగా ఉందా అని తేల్చుకోవడానికి తేలిక పరీక్ష ఒకటుంది. పీ తరంగపు మొదటి రెండు మూడు సెకన్ల కదలికను ఉత్తరం-తూర్పు తలం మీద గీయండి. ఆ గీత భూకంపం ఉన్న దిక్కుకే చూపాలి. ఒకటి రెండు భూకంపాల్లో అటూ ఇటూ అయితే పొరల ప్రభావం అనుకోవచ్చు. అన్ని దిక్కుల భూకంపాల్లోనూ ఒకే కోణం మేర తప్పుతుంటే సెన్సరే తిరిగి ఉంది.

ఏరివేత

0.05 నుంచి 1 హెర్ట్జ్ దాకా, లేదా 1.5 దాకా ఫిల్టర్ పెట్టండి. తక్కువ వైపు సముద్రపు అలల రొద, ఎక్కువ వైపు ఊరి రొద. తర్వాత నిలువు రికార్డులో పీ ముందూ వెనకా బలాలను పోల్చి, పీ మునిగిపోయినవన్నీ తీసేయండి.

మిగిలినవి కళ్లతో చూడండి. ఒకే కిటికీలో రెండు భూకంపాలు కలిసినవి, రికార్డు మధ్యలో తెగినవి, ఒక దిశ పూర్తిగా పడుకున్నవి ఆటోమేటిక్ జల్లెడలోంచి జారిపోతాయి. సగం పైగా పోయినా దిగులు పడక్కర్లేదు.

భాగహారం: డీకన్వల్యూషన్

రెండు దారులున్నాయి. ఒకటి ఫ్రీక్వెన్సీల్లో భాగించి, హారం సున్నాకు దగ్గరైన చోట్ల కొద్దిగా మట్టం పెంచడం. రెండోది లిగొరియా, అమ్మన్ 1999లో వివరించినట్టు సమయంలోనే ఒక్కో పల్స్‌నూ జత చేస్తూ పోవడం. ముందు పెద్ద పల్స్, తర్వాత దాని కన్నా చిన్నది, ఇలా రేడియల్ రికార్డు దాదాపుగా తిరిగి తయారయ్యేదాకా. కొత్తవారికి నేను రెండోదే చెబుతాను. అసలు రికార్డులో 80 శాతం పైగా తిరిగి తయారు కాకపోతే ఆ భూకంపాన్ని వదిలేయొచ్చు, అంత సూటి కొలమానం మొదటి పద్ధతిలో లేదు.

ఇక్కడ గాస్ వెడల్పు అనే అంకె ఒకటి అడుగుతుంది. అది 1 అయితే ఒక్కో పల్స్ దాదాపు 1.7 సెకన్ల వెడల్పుంటుంది, 2.5 అయితే దాదాపు 0.7 సెకన్లు. చాలామంది నున్నగా వస్తుందని 1 పెట్టేస్తారు. మోహో ఒక్కటే చూడటానికి అది చాలు. కానీ సముద్ర పటలం మందం 6, 7 కిలోమీటర్లే. దాని పై అంచు నుంచి, కింది అంచు నుంచి వచ్చే పల్స్‌ల మధ్య దూరం సెకను లోపే ఉంటుంది. ఒకటి కిందికి, ఒకటి పైకి. వెడల్పు పల్స్‌లతో చూస్తే అవి ఒకదాన్నొకటి మింగేస్తాయి, పలక లేనట్టే కనిపిస్తుంది. 2.5తో మొదలుపెట్టండి. బొమ్మ గరుకుగా ఉంటుంది, ఉండనివ్వండి.

ముందుకెళ్లే ముందు రెండు తనిఖీలు. నిలువు రికార్డును దానితోనే భాగిస్తే సున్నా సెకను దగ్గర ఒకే సూది రావాలి, అటూ ఇటూ అలలు రాకూడదు. రేడియల్‌లో సున్నా దగ్గరి పల్స్ పైకి ఉండాలి. కిందికి ఉంటే ఎక్కడో గుర్తు తలకిందులైంది. సున్నా దగ్గర కాకుండా అర సెకను తర్వాత వస్తే స్టేషన్ మెత్తటి ఒండ్రు మీద ఉందని అర్థం, దాని ప్రతిధ్వనులు మిగతా బొమ్మను పాడుచేస్తాయి.

దిక్కుల వారీగా పేర్చండి

అన్ని రిసీవర్ ఫంక్షన్లనూ కలిపి సగటు తీయాలనిపిస్తుంది. తీయకండి. ఉప్పల్‌లో సగటు మేలు చేస్తుంది, ఇక్కడ అది పలకనే చెరిపేస్తుంది.

దానికి బదులు తరంగం వచ్చిన దిక్కును బట్టి 0 నుంచి 360 డిగ్రీల దాకా, పది డిగ్రీలకో గంప చేసి, ఆ గంప లోపల మాత్రమే సగటు తీసి, వరుసగా పేర్చండి. రేడియల్ ఒక పక్క, ట్రాన్స్‌వర్స్ ఒక పక్క. పైకి లేచినవి ఒక రంగు, దిగినవి మరో రంగు.

చూడాల్సినవి ఇవి. 40 కిలోమీటర్ల లోతున ఎస్‌గా మారిన తరంగం స్టేషన్‌కు సరిగ్గా కింద మారలేదు. భూకంపం ఉన్న వైపు దాదాపు 9 కిలోమీటర్లు పక్కన మారింది. అంటే ఒక్క స్టేషన్‌తోనే మీరు 18 కిలోమీటర్ల వ్యాసమున్న వలయాన్ని చూస్తున్నారు. పలక తూర్పుకు పదీ పన్నెండు డిగ్రీలు వాలి ఉంటే ఆ వలయం తూర్పు అంచున అది పడమటి అంచు కన్నా మూడు నాలుగు కిలోమీటర్లు లోతు, సమయంలో దాదాపు అర సెకను తేడా. పేర్చిన బొమ్మలో పలక పల్స్ నిటారు గీతలా కాక అలలా వంగుతుంది. మోహో లాంటి బల్లపరుపు సరిహద్దైతే గీత నిటారుగా ఉంటుంది.

ఎత్తు కూడా దిక్కుతో మారుతుంది. పలక ఎటు వాలుతోందో అటు నుంచి, అంటే తూర్పు వైపు నుంచి వచ్చిన తరంగం ఆ వాలు తలాన్ని ఎక్కువ ఏటవాలుగా తాకుతుంది కాబట్టి ఎస్‌గా ఎక్కువ మారుతుంది. పడమటి నుంచి వచ్చింది తలానికి దాదాపు లంబంగా తాకి, పెద్దగా మారకుండా దాటిపోతుంది. అందుకే పెరూ, చిలీ భూకంపాల్లో మెరిసే పలక టోంగా భూకంపాల్లో మసకబారుతుంది. జపాన్ నుంచి వచ్చిన రికార్డులు గుట్టలుగా ఉన్నాయి కదా అని వాటితోనే పని కానిస్తే పలక కనబడీ కనబడనట్టు ఉంటుంది. తూర్పు నుంచి వచ్చిన ఆ కొద్ది రికార్డులకు ఇంత విలువ ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ట్రాన్స్‌వర్స్ బొమ్మలో ఇంకా గట్టి సాక్ష్యం ఉంటుంది. వాలు దిక్కులో, దానికి సరిగ్గా ఎదురు దిక్కులో పల్స్ సున్నాకు పడిపోయి, ఆ రెంటికీ అటూ ఇటూ గుర్తు తిరగబడుతుంది. 360 డిగ్రీలకు ఒకసారి తిరిగి మొదటికి వస్తే అది వాలు. 180 డిగ్రీలకే మొదటికి వస్తే రాయిలోనే దిక్కును బట్టి వేగం మారుతోందన్న మాట, అది వేరే కథ. నిజమైన బొమ్మలో రెండూ కలిసే ఉంటాయి, విడదీయడానికి కొంత చూపు అలవాటు కావాలి.

పల్స్‌ల మధ్య దూరంలో నీటి జాడ

ఇప్పుడు పలక పై అంచు, కింది అంచుల జతను వెతకండి. దిగిన సముద్ర పటలంలో తరంగాలు నెమ్మదిస్తాయి. కింది నుంచి వచ్చే తరంగం ముందు మాంటిల్ నుంచి ఆ నెమ్మది పొరలోకి, తర్వాత దానిలోంచి పై రాయిలోకి వస్తుంది. కాబట్టి రికార్డులో ముందు పై అంచు తాలూకు కిందికి దిగిన పల్స్, దాని వెంటనే కింది అంచు తాలూకు పైకి లేచిన పల్స్ వస్తాయి. 40 కిలోమీటర్ల లోతుకు 5 సెకన్ల సమీపంలో చూడండి. ఇదే జత మళ్లీ 16 సెకన్ల దగ్గర అదే వరుసలో, 21 సెకన్ల దగ్గర గుర్తులు తిరగబడి రావాలి. ఒక్క 5 సెకన్ల దగ్గరే కనిపించి మిగతా రెండు చోట్లా జాడ లేకపోతే దాన్ని పలక అనకండి. పైనున్న ఏదో పొర ప్రతిధ్వని కావచ్చు.

ఈ ప్రతిధ్వనులు కేవలం సాక్షులు కావు, వాటితో పొర లోపలి సంగతి కూడా తేలుతుంది. 5 సెకన్ల దగ్గరి జతలో రెండు పల్స్‌ల మధ్య దూరం కొలవండి. 16 సెకన్ల దగ్గరి జతలోనూ కొలవండి. రెండోదాన్ని మొదటిదానితో భాగించండి. పొర మందం ఎంతైనా సరే, ఈ భాగఫలం పొరలోని పీ-ఎస్ వేగాల నిష్పత్తి మీదే ప్రధానంగా ఆధారపడుతుంది. మామూలు రాయికి, అంటే నిష్పత్తి 1.73 దగ్గర ఉంటే, భాగఫలం సుమారు 3.4. నిష్పత్తి 2.35కు చేరితే అది 2.3కు పడిపోతుంది.

2.35 అన్న అంకె ఊరికే చెప్పింది కాదు. పాస్కల్ ఆడే, మైకేల్ బోస్టాక్ బృందం ఇదే పలకకు ఉత్తరాన వాంకూవర్ దీవి కింద 2009లో చూపించిన సగటు అంత. పొడి రాయి ఏదీ అలా ప్రవర్తించదు. రాతి రంధ్రాల్లో నీరు ఇరుక్కుని, పైనున్న కొండంత బరువుకు దాదాపు సమానమైన ఒత్తిడితో ఉంటేనే ఎస్ తరంగం అంతగా నీరసిస్తుంది. ఆ ఉత్తర భాగంలోనే సుమారు 14 నెలలకోసారి పలకలు వారాల తరబడి చప్పుడు లేకుండా జారుతుంటాయి. నీటి ఒత్తిడి పలకల మధ్య పట్టును సడలించడమే దానికి కారణమని చాలామంది నమ్మకం.

ఇంకో ముఖ్యమైన ఫలితం ఉంది. అలాంటి పొరలో ప్రతి కిలోమీటరుకూ ఆలస్యం మామూలు రాయికి దాదాపు రెట్టింపు. మీరు ప్రతిధ్వనులను పారేసి, 5 సెకన్ల జతనే చూసి, మామూలు వేగాలతో మందం కడితే 4 కిలోమీటర్ల పొర 8 కిలోమీటర్లుగా వస్తుంది. సముద్ర పటలం మందం 7 కదా, దగ్గరగానే ఉంది అని సంతోషపడతారు కూడా.

ఒక స్టేషన్ నుంచి వరుసకు

ఒక్క స్టేషన్‌తో వచ్చేది సన్నని కన్నంలోంచి చూసిన దృశ్యం. పలక వాలు పొడవునా కావాలంటే వాలుకు అడ్డంగా కాకుండా వాలు వెంట, ఇక్కడైతే తూర్పు-పడమరలుగా, స్టేషన్ల వరుస ఉండాలి. కాస్కేడియాలో, అంటే హువాన్ డి ఫూకా పలక దూరే ఈ తీర ప్రాంతంలో, అలాంటి తాత్కాలిక వరుసలు ఎన్నో వేశారు, వాటి డేటా కూడా ఎర్త్‌స్కోప్‌లో తెరిచే ఉంది.

పద్ధతి ఇది. నేల కింది నిలువు కోతను కిలోమీటరు, రెండు కిలోమీటర్ల గళ్లుగా విభజించండి. ప్రతి రిసీవర్ ఫంక్షన్‌నూ అది వచ్చిన దారి వెంట వెనక్కి నడిపించి, ప్రతి సమయంలోని ఎత్తునూ ఆ దారి మీద ఆ లోతుకు చెందిన గడిలో వేయండి. ఒక్కో గడిలో పడ్డవన్నిటి సగటు తీస్తే కోత బొమ్మ వస్తుంది. గడి అడ్డం వెడల్పును 40 కిలోమీటర్ల లోతున పది కిలోమీటర్ల కన్నా తగ్గించినా ఉపయోగం లేదు. ఆ తరంగాలు అంతకన్నా సన్నగా చూడలేవు. ఇదే పని ప్రతిధ్వనులకూ విడివిడిగా చేసి, మూడు బొమ్మలనూ పక్కపక్కన పెట్టండి. మూడింటిలోనూ ఒకే చోట ఉన్నదే నిజమైన సరిహద్దు. ఒకదానిలోనే ఉన్నది దారి తప్పి వచ్చినది.

ఇంత చేశాక మధ్య ఆరెగాన్ కోతలో మిమ్మల్ని తికమకపెట్టేది పలక కాదు, దాని పైనున్న మోహో. తూర్పున చక్కగా కనిపించిన ఖండపు మోహో పడమరకు వచ్చేకొద్దీ మసకబారి, ఒకచోట మాయమై, ఇంకాస్త పడమరన రంగు తిరగబడి కనిపిస్తుంది. ప్రోగ్రాంలో తప్పు వెతకడం మొదలుపెడతారు. అది తప్పు కాదు. 1993-94లో అక్కడ పరిచిన వరుస రికార్డులతో బోస్టాక్ బృందం 2002లో ఇదే చూపించింది. పలకలోంచి పైకి ఎక్కిన నీరు మాంటిల్ రాతిని సర్పెంటైన్ అనే నీరు పట్టిన ఖనిజంగా మార్చేసింది. సర్పెంటైన్‌లో ఎస్ వేగం ఎంత తగ్గుతుందంటే, పైనున్న పటలం కన్నా కింది మాంటిలే నెమ్మదైపోయింది. మామూలుగా పైకి లేవాల్సిన మోహో పల్స్ కిందికి దిగింది.

అదే కోతలో పలక పటలం సుమారు 45 కిలోమీటర్ల తర్వాత పలచబడిపోవడం కూడా చూస్తారు. పలక అక్కడ తెగిపోలేదు. బసాల్ట్ నీటిని వదిలేసి ఎక్లోగైట్ అనే దట్టమైన రాయిగా మారింది. దాని వేగం చుట్టూ ఉన్న మాంటిల్ వేగానికి దగ్గర కాబట్టి తరంగం మారడానికి సరిహద్దంటూ మిగల్లేదు. ఈ పద్ధతిలో కనబడకపోవడం అంటే లేకపోవడం కాదు, తేడా లేకపోవడం.

సరిచూసుకోవడం, ఆపై అండమాన్ వైపు

మీకు వచ్చిన లోతును అమెరికా భూగర్భ సర్వే వారి స్లాబ్2 నమూనాతో పోల్చండి. ప్రపంచంలోని పెద్ద సబ్డక్షన్ జోన్లన్నిటికీ, అంటే ఒక పలక మరోదాని కిందికి దూరే చోట్లన్నిటికీ, పలక లోతుల పట్టిక అందులో ఉచితంగా ఉంది. అయిదు కిలోమీటర్ల తేడా వస్తే కంగారు అక్కర్లేదు, ఎక్కువగా అది మీరు అనుకున్న వేగాల వల్లే. పదిహేను వస్తే వేరే పల్స్‌ను పలక అనుకున్నారేమో చూడండి. స్లాబ్2లో కొన్నిచోట్ల రిసీవర్ ఫంక్షన్ల ఫలితాలే కలిపారు. ఆ చోట్ల రెండూ కలిశాయని మురిసిపోతే మన లెక్కను మన లెక్కతోనే పోల్చుకున్నట్టు.

కాస్కేడియా చేతికి వచ్చాక మనకు దగ్గరి సంబంధమున్న సబ్డక్షన్ జోన్ అండమాన్-సుమత్రా. 2004 డిసెంబర్ 26న 9.1 తీవ్రతతో తెగి, మన కోస్తా ఊళ్ల దాకా నీళ్లు తెచ్చింది అదే. అక్కడ మొదలుపెట్టడానికి సుమత్రా పక్కన నియాస్ దీవిలోని గునుంగ్‌సితోలి స్టేషన్ బాగుంటుంది. కోడ్ జీఎస్ఐ, జర్మనీ వారి జియోఫోన్ నెట్‌వర్క్ జీఈలో భాగం. అక్కడ పలక వాలేది ఈశాన్యానికి. కాబట్టి వాలు వైపు నుంచి వచ్చే రికార్డుల కోసం జపాన్, తైవాన్ భూకంపాలు పుష్కలంగా దొరుకుతాయి, ఆరెగాన్‌లో పడ్డ తూర్పు కరువు ఇక్కడ ఉండదు. చిన్న దీవి కావడంతో అలల రొద మాత్రం ఎక్కువ. ఫిల్టర్ కింది అంచును 0.05 నుంచి 0.1 హెర్ట్జ్‌కు పెంచి చూడండి, గాస్ వెడల్పును ముట్టుకోకండి. పలక కోర్వాలిస్ కింద కన్నా తక్కువ లోతున ఉంటుంది కాబట్టి మొదటి జతను 5 సెకన్ల దగ్గర కాక అంతకు ముందే వెతకాలి. దాని ప్రతిధ్వనులు 10 సెకన్ల చుట్టుపక్కల మొదలవుతాయి.